కెమిస్ట్రీ వదలను, కంప్యూటరూ కావాలి

చదువు, ఉద్యోగం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేడం, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఎంసెట్‌లో ర్యాంకు అంతంతమాత్రం. మేనేజ్‌మెంట్ సీటు కొనైనా ఇంజినీరింగ్‌లో చేరుస్తానని నాన్నగారు అంటున్నారు గానీ రొయ్యల చెరువుల మీద ఉన్న అప్పు సంగతి నాకు తెలుసు. నాకు కెమిస్ట్రీ అంటే ప్రాణం. కోడింగ్ కూడా కొంచెం నేర్చుకున్నాను, అదీ బాగుంది. బీఎస్సీ కెమిస్ట్రీ, ఐటీ డిగ్రీ రెండూ ఒకేసారి చేయొచ్చని ఫ్రెండ్ చెప్పింది. నిజమేనా? రెండూ నేను మోయగలనా? మా బాబాయి మాత్రం రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతావు అంటున్నారు. (పేరు రాయవద్దన్నారు)

జవాబు: నిజమేనమ్మా, చేయొచ్చు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ దీనికి అనుమతి ఇచ్చింది. క్లాసుల టైములు ఒకదానికొకటి అడ్డం రాకపోతే రెండు డిగ్రీలూ కాలేజీకి వెళ్లి చదవొచ్చు, లేదా ఒకటి కాలేజీలో ఇంకొకటి ఆన్‌లైన్‌లోనో డిస్టెన్స్‌లోనో చేయొచ్చు, రెండూ ఆన్‌లైన్, డిస్టెన్స్‌లోనైనా చేయొచ్చు. పీహెచ్‌డీకి ఇది వర్తించదు. రెండు సంస్థలకూ గుర్తింపు ఉండాలి. చట్టం సంగతి ఇంతే, అక్కడ టెన్షన్ పెట్టుకోకు.

నీ పరిస్థితికి నేను చెప్పేది ఒక్కటే మార్గం: కెమిస్ట్రీ కాలేజీలో, ఐటీ ఇంట్లో. దీన్ని తిరగేయొద్దు. చాలామంది తిరగేస్తున్నారు, ఐటీకి డిమాండ్ కదా అని కాలేజీలో కంప్యూటర్స్‌లో చేరి, కెమిస్ట్రీని పక్కన చదువుకుందాం అనుకుంటున్నారు. లాప్‌టాప్ ఎక్కడ పెట్టినా లాప్‌టాపే, రాత్రి పది గంటలకు నీ మంచం మీద రాసిన ప్రోగ్రామూ ల్యాబులో రాసిన ప్రోగ్రామూ ఒకేలా నడుస్తాయి. బ్యూరెట్ (చుక్క చుక్కగా ద్రవం వదిలే గాజు గొట్టం) అలా కాదు. టైట్రేషన్‌లో ఎండ్ పాయింట్ దగ్గర ఒక్క చుక్కతో రంగు మారే క్షణాన్ని పట్టుకోవడం, సాల్ట్ ఎనాలిసిస్‌లో అవక్షేపం రంగు చూసి ఇది లెడ్డా బేరియమా అని అనుమానించడం, యాసిడ్ బాటిల్ మూత తీసేటప్పుడు ముఖం ఎంత దూరంలో ఉంచాలో ఒంటికి తెలియడం, ఇవి వీడియో చూస్తే రావు. నేను ఏళ్ల తరబడి కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు నీకు తెలిసే ఉంటుంది. ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి ఫాస్ఫరస్‌ని కొలిచేది. రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది, ఆ రంగు గాఢతను బట్టి ఎంత ఫాస్ఫరస్ ఉందో లెక్క కడతారు. ఆ పద్ధతి ఇప్పటికీ ల్యాబుల్లో వాడుతున్నారు. చేత్తో జాగ్రత్తగా కలిపి, కంటితోనో మీటరుతోనో చదివి, ఒక అంకె తేవడం కెమిస్ట్రీ. ఆ అంకెలు లక్ష పోగయ్యాక వాటితో ఏం చేయాలన్నది ఐటీ. మొదటిది తప్పయితే రెండోదానికి ఎంత తెలివి ఉన్నా ప్రయోజనం లేదు, అందుకే మొదటిదానికి ల్యాబ్ ఉన్న మంచి కాలేజీ చూసుకో.

మీ దగ్గర కాలేజీలు లేక కాదు. నరసాపురం వైఎన్ కాలేజీ, భీమవరం డీఎన్ఆర్ కాలేజీ, అమలాపురం ఎస్‌కేబీఆర్ కాలేజీ, ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే కాకినాడ పీఆర్ ప్రభుత్వ కాలేజీ, రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఉన్నాయి. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్ అనే పద్ధతి తెచ్చారు. కాబట్టి చేరేముందు ఆఫీసులో సూటిగా అడుగు: ఈ ఏడాది కెమిస్ట్రీ మేజర్ నడుపుతున్నారా, దానితో కంప్యూటర్ సైన్స్ తీసుకునే వీలుందా అని. వీలుంటే సగం పని అక్కడే అయిపోయింది, రెండో డిగ్రీ గురించి తాపీగా ఆలోచించొచ్చు. ఇంకో మాట, అడ్మిషన్ కౌంటర్ దగ్గరే ఆగిపోకుండా ల్యాబ్ చూపించమను. గ్యాస్ బర్నర్లు వెలుగుతున్నాయా, అల్మారాల్లో బాటిళ్ల మీద తేదీలు ఏమిటి, ఎంతమందికి ఒక బ్యూరెట్ ఇస్తారు, ఇవి నీ కళ్లతో చూసుకో.

ఇక ఐటీ వైపు. ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ ఆన్‌లైన్ డిగ్రీ నీకు సరిపోతుందని నా నమ్మకం. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష రాయాలి, అందులో మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్, కంప్యుటేషనల్ థింకింగ్ ఉంటాయి. పాఠాలు ఆన్‌లైన్ అయినా పరీక్షలు సెంటర్‌కి వెళ్లి రాయాలి, అందుకే దానికి విలువ ఉంది. మరీ నచ్చేది ఏమిటంటే మధ్యలో ఆగినా చేతికి ఏదో ఒకటి వస్తుంది. మొదటి దశ ఫౌండేషన్, తర్వాత డిప్లొమా, ఆ పైన బీఎస్సీ, చివర బీఎస్. ఆదాయాన్ని బట్టి, సామాజిక వర్గాన్ని బట్టి ఫీజులో రాయితీ ఉంది, మీసేవలో ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి పెట్టుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ వాళ్లు తీసుకుంటారు కాబట్టి ఇచ్చేముందే అన్నీ స్కాన్ చేయించు, తర్వాత వాటి కోసం ఆఫీసు చుట్టూ తిరగడం పెద్ద పని.

మోయగలనా అన్నావు. ఒక్కో కోర్సుకు వారానికి దాదాపు 10 గంటలు పడుతుందని వాళ్లే చెబుతారు. నువ్వు టర్మ్‌కి రెండు కోర్సులు తీసుకుంటే వారానికి 20 గంటలు, పైగా కాలేజీ, బస్సులో రానూపోనూ, రికార్డులు రాయడం. మొదటి ఏడాది నాలుగేసి కోర్సులు తీసుకుని డిసెంబరుకల్లా రెండింటికీ దణ్ణం పెట్టేసిన పిల్లల్ని చూశాను. ఒక్క కోర్సుతో మొదలుపెట్టు, సెమిస్టర్ పరీక్షలు ఉన్న టర్మ్‌లో అదీ ఆపు. మూడేళ్లకి బీఎస్సీ పూర్తయ్యేసరికి అటువైపు ఫౌండేషన్ దాటి డిప్లొమాలో ఉంటే చాలా బాగా చదివినట్టే. రెండు డిగ్రీలూ ఒకే రోజు చేతికి రావాలని ఎవరూ అనలేదు.

మీ బాబాయి గారి పడవల మాటకి వద్దాం. ఆయన భయం న్యాయమైనదే, విడివిడిగా వదిలేసిన రెండు పడవల మీద నిలబడితే మునుగుతారు. కానీ నరసాపురం రేవులో సఖినేటిపల్లికి దాటించే పంటు ఆయన ఎక్కే ఉంటారు. పడవలు కలిపి కట్టి పైన బల్లలు పరిస్తే కార్లూ మోటారు సైకిళ్లూ కూడా గోదావరి దాటతాయి. నీ రెండు చదువులనూ నువ్వు అలా కట్టాలి. ఉదయం కెమిస్ట్రీ, రాత్రి కోడింగ్ అని గోడ కట్టుకుని చదివితే రెండు సగం సగం చదువులు మిగులుతాయి, ఏ ఇంటర్వ్యూలోనూ నిలబడవు.

ఎలా కట్టాలో ఒక ఉదాహరణ మీ చెరువు గట్టు మీదే ఉంది. నీళ్లు ల్యాబ్‌కి పంపితే అమ్మోనియా ఇంత అని ఒక అంకె వస్తుంది కదా. ఆ కిట్ కొలిచేది మొత్తం అమ్మోనియాని, అంటే అమ్మోనియం అయాన్ (విద్యుదావేశం ఉన్న రూపం), అయాన్ కాని అమ్మోనియా రెండూ కలిపి. రొయ్యకి ఎక్కువ విషం అయాన్ కానిదే. అది ఎంత శాతం ఉంటుందన్నది పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) మీదా నీటి వేడి మీదా ఆధారపడుతుంది. ఉప్పదనం పెద్దగా లేని నీళ్లలో 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 8 అయితే దాదాపు 7 శాతం, అదే పీహెచ్ 9 అయితే 44 శాతం దాకా. పగలంతా ఆల్గే నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్‌ని వాడుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, రాత్రి మళ్లీ తగ్గుతుంది. అంటే తెల్లవారి తీసిన శాంపిల్‌లో ప్రమాదం లేదనిపించిన అదే అంకె మధ్యాహ్నం మూడింటికి ప్రమాదం కావచ్చు. ఇది ఇంటర్‌లో చదివిన ఈక్విలిబ్రియమే, పీకేఏ ఫార్ములాయే. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో పది లైన్లు రాస్తే నాన్నగారి నోట్‌బుక్‌లోని పాత రీడింగులన్నింటికీ అసలు విషం ఎంతో లెక్క తేలుతుంది. పీహెచ్ ఎప్పుడు కొలిచారో టైము రాయకపోతే లెక్క పనికిరాదని కూడా అప్పుడే నీకు తెలుస్తుంది, ఆ జ్ఞానం ఏ డేటా సైన్స్ క్లాసులోనూ అంత గట్టిగా నాటుకోదు. బీఎస్సీ మొదటి ఏడాదిలోనే ఇది చేయొచ్చు, ఇదే నీ మొదటి ప్రాజెక్టు.

దాని తర్వాత అణువుల వైపు వెళ్లు. అణువు నిర్మాణాన్ని అక్షరాల్లో రాసే స్మైల్స్ అనే పద్ధతి ఉంది, అందులో ఇథనాల్ అంటే సీసీఓ, అంతే. రెండు కార్బన్లు, ఒక ఆక్సిజన్, హైడ్రోజన్లు ఎన్నో కంప్యూటరే లెక్కవేసుకుంటుంది. 2004లో మొదలైన పబ్‌కెమ్ డేటాబేస్‌లో 10 కోట్లకు పైగా రసాయనాల వివరాలు ఉచితంగా దొరుకుతాయి, వాటితో పనిచేయడానికి ఆర్‌డీకిట్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితం. దీన్నే కెమిన్ఫర్మాటిక్స్ అంటారు, మందుల కంపెనీల పరిశోధన విభాగాల్లో నడిచేది ఈ పనే. ఇది కెమిస్ట్రీయేనా అని మీ ఇంట్లో ఎవరైనా అడిగితే నోబెల్ కమిటీని అడగమను. 1998లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న జాన్ పోపుల్ చదివింది మ్యాథ్స్, ఆయనకి బహుమతి వచ్చింది క్వాంటం కెమిస్ట్రీని కంప్యూటర్‌తో లెక్కించే పద్ధతులకి. 2024లో ప్రొటీన్ల ఆకారాన్ని ఏఐతో అంచనా వేసినందుకు ఆ బహుమతిలో వాటా అందుకున్న డెమిస్ హస్సాబిస్ డిగ్రీలో చదివింది కంప్యూటర్ సైన్స్.

మేనేజ్‌మెంట్ సీటు విషయం నాన్నగారితో నువ్వే మాట్లాడు. అప్పు తెచ్చి ఇష్టం లేని బ్రాంచిలో చేరడం కన్నా తక్కువ ఖర్చుతో ఇష్టమైన రెండూ చదవడం మేలని లెక్కలు కాగితం మీద రాసి చూపించు. అంకెలు చూపిస్తే రైతులు వింటారు.

ప్రశ్న: మా అబ్బాయి బీఎస్సీతో పాటు ఇంకో డిగ్రీ కూడా చేస్తానంటున్నాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండింటికీ వస్తుందా? ఇక్కడ ఒకాయన క్లాసులకు వెళ్లక్కర్లేకుండా ఏడాదిలోనే కంప్యూటర్ డిగ్రీ ఇప్పిస్తానని 40 వేలు అడుగుతున్నాడు. (ఒక తండ్రి, అమలాపురం)

జవాబు: రాదండీ. డిస్టెన్స్ కోర్సులకు రీయింబర్స్‌మెంట్ లేదు, కాలేజీ డిగ్రీకి మాత్రమే చూసుకోండి, దానికీ 75 శాతం హాజరు ఉండాలి, రెండో చదువు గొడవలో అబ్బాయి క్లాసులు ఎగ్గొడితే ఉన్నదీ పోతుంది. ఆ 40 వేలు అడిగే ఆయనకి మాత్రం ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మూడేళ్ల డిగ్రీని ఏడాదిలో ఎవరూ ఇవ్వలేరు, ఇచ్చారంటే అది కాగితమే. రేపు ఉద్యోగంలో సర్టిఫికెట్ వెరిఫికేషన్ జరిగినప్పుడు పట్టుబడేది మీ అబ్బాయి, ఆయన కాదు. డిస్టెన్స్, ఆన్‌లైన్ కోర్సులు నడిపే సంస్థల జాబితా యూజీసీ డిస్టెన్స్ ఎడ్యుకేషన్ బ్యూరో వెబ్‌సైట్‌లో ఉంటుంది, అందులో సంస్థ పేరే కాదు, ఫలానా కోర్సు పేరు, ఫలానా ఏడాదికి ఉందో లేదో చూడాలి. 2024 నుంచి ఈ కోర్సుల్లో చేరే విద్యార్థి డెబ్ ఐడీ (ఆ బ్యూరో ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకోవాలి, దాని మాట ఎత్తకుండా డబ్బు అడిగేవాణ్ణి నమ్మొద్దు. ఇగ్నోలో బీసీఏ ఉంది, మధ్యవర్తి లేకుండా మీ అబ్బాయే ఆన్‌లైన్‌లో చేరొచ్చు.

ప్రశ్న: ఖర్చుకి వెనకాడం. మా అమ్మాయికి కెమిస్ట్రీ, కంప్యూటర్స్ రెండూ ఒకేచోట చెప్పే మంచి సంస్థ ఏదైనా ఉందా? ప్రస్తుతం ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. (ఆకివీడు)

జవాబు: రెండు చెబుతాను, రెండూ హైదరాబాద్‌లోనే. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో చేరితే, మొదటి ఏడాది మార్కులను బట్టి దానితో పాటు ఒక బీఈ బ్రాంచి కూడా ఇస్తారు, మొత్తం ఐదేళ్లు, రెండు డిగ్రీలు. కానీ ఒకటి బాగా అర్థం చేసుకోండి, కంప్యూటర్ సైన్స్ బ్రాంచి అందరూ కోరుకునేదే, టాప్ మార్కుల వాళ్లకే దొరుకుతుంది. అది రాకపోతే ఇంకో బ్రాంచితో సంతోషంగా చదువుతానని అమ్మాయి ముందే అనుకోవాలి. రెండోది ట్రిపుల్ ఐటీ హైదరాబాద్. అక్కడ బీటెక్‌తో పాటు కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్‌లో ఎమ్మెస్ బై రీసెర్చ్ అని ఐదేళ్ల డ్యూయల్ డిగ్రీ ఉంది. కంప్యూటర్లతో అణువుల గురించి, ప్రొటీన్ల గురించి పరిశోధన చేయాలనే పిల్లలకి దీనికి మించింది మన దగ్గర లేదని నా అభిప్రాయం. వాళ్ల సొంత ప్రవేశ పరీక్ష యూజీఈఈ, ఆ పైన ఇంటర్వ్యూ ఉంటాయి. పరిశోధన మీద ఆసక్తి లేకుండా క్యాంపస్ ప్యాకేజీ కోసం మాత్రమే చేరితే ఐదో ఏడాది థీసిస్ దగ్గర నలిగిపోతారు.

ప్రశ్న: నేను బైపీసీ. మ్యాథ్స్ లేదు. నాకు కూడా ఐటీ వైపు దారి ఉందా మేడం? (రాజోలు)

జవాబు: ఉంది. పైన చెప్పిన ఐఐటీ మద్రాస్ కోర్సుకి ఇంటర్‌లో ఏ గ్రూప్ అయినా సరే, పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉంటే చాలు. చేరాక మాత్రం మ్యాథ్స్ తప్పదు, ఇప్పటినుంచే ఎంపీసీ మ్యాథ్స్ పుస్తకాలు తీసి ఫంక్షన్లు, మాత్రికలు, ఆ తర్వాత డెరివేటివ్స్ చేస్తూ ఉండు. ఒక జాగ్రత్త: డిగ్రీ తర్వాత ఐసెట్ రాసి ఎంసీఏ చేద్దామనుకుంటే ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ అడుగుతారు. అందుకని డిగ్రీలో సబ్జెక్టులు ఎంచుకునేటప్పుడే ఈ సంగతి గుర్తుపెట్టుకో.

ప్రశ్న: మాది కొవ్వూరు. బీఎస్సీ కెమిస్ట్రీ చేసి హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీ క్యూసీలో (మందుల నాణ్యత పరీక్షించే విభాగం) చేస్తున్నాను. రోజంతా హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే యంత్రం), నైట్ షిఫ్టులు, జీతం పెరగట్లేదు. సాఫ్ట్‌వేర్‌లోకి మారాలని ఉంది. మళ్లీ ఐటీ డిగ్రీ చేయాలా? అమీర్‌పేటలో కోర్సు చేసి ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుంటే ఉద్యోగం వస్తుందని రూమ్మేట్ అంటున్నాడు.

జవాబు: దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టుకోవద్దు బాబూ. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఆ ఉద్యోగం పోవడమే కాదు, తర్వాతి కంపెనీ దగ్గర కూడా మాట పడాల్సి వస్తుంది. పైగా నీ దగ్గర నిజమైన ఎక్స్‌పీరియన్సే ఉంది, దాని విలువ నీకు తెలియక ఈ మాట అడిగావు.

నువ్వు రోజూ ఆ యంత్రంలోకి ఒక శాంపిల్ ఇంజెక్ట్ చేయగానే కంప్యూటర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ మెథడ్‌తో అని ఆడిట్ ట్రయల్ రికార్డవుతుంది కదా. అది ఎందుకు ఉందో ఎప్పుడైనా చదివావా? అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లో తెచ్చిన 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే నిబంధన వల్ల. ఎలక్ట్రానిక్ రికార్డు, ఎలక్ట్రానిక్ సంతకం కాగితం మీది వాటంత నమ్మదగ్గవి కావాలంటే ఏం ఉండాలో అది చెబుతుంది. ఒకరి లాగిన్‌తో ఇంకొకరు పనిచేయకూడదు, పాత డేటాని చెరపకూడదు, మార్పు చేస్తే ముందు ఏముందో కనపడాలి. ఫెయిలైన రీడింగుని తీసేసి పాసైన దాన్ని ఉంచడం లాంటి పనులకి మన దేశంలోని ఫ్యాక్టరీలకు కూడా ఎఫ్‌డీఏ నుంచి వార్నింగ్ లెటర్లు వచ్చాయి, అలాంటి చోట ఎగుమతులు ఆగితే నష్టం వందల మంది ఉద్యోగుల మీద పడుతుంది. మందు మింగే రోగి సంగతి అన్నింటికన్నా ముందు.

అందుకే ఫార్మాలో కంప్యూటర్ సిస్టమ్ వ్యాలిడేషన్ అని ఒక పని ఉంది, సీఎస్‌వీ అంటారు. హెచ్‌పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ గానీ, శాంపిళ్ల లెక్క చూసే లిమ్స్ గానీ అనుకున్నట్టు పనిచేస్తోందని పరీక్షించి, రాతపూర్వకంగా నిరూపించే పని. ఐటీ మాత్రమే చదివినవాడికి పీక్ ఇంటిగ్రేషన్ (గ్రాఫ్‌లో వచ్చిన శిఖరం కింది వైశాల్యం లెక్కకట్టడం) అంటే ఏమిటో తెలియదు, మాన్యువల్‌గా బేస్‌లైన్ జరిపితే రిజల్ట్ ఎలా మారిపోతుందో తెలియదు. కెమిస్ట్రీ మాత్రమే తెలిసినవాడికి యూజర్ రోల్స్, బ్యాకప్, డేటాబేస్ అంటే భయం. నీకు మొదటిది ఇప్పటికే వచ్చు. రెండోదానికి మూడేళ్ల డిగ్రీ అక్కర్లేదు, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు తీసే భాష) బాగా నేర్చుకో, టెస్ట్ కేసులు రాయడం నేర్చుకో, పార్ట్ 11 మొత్తం చదువు, అది నువ్వు అనుకున్నంత పెద్దది కాదు, కొద్ది పేజీలే. ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో డేటా ఇంటిగ్రిటీ మీద ఇచ్చిన ప్రశ్నలు, జవాబుల పత్రం కూడా చదువు, నీ ల్యాబులో రోజూ జరిగేవే అందులో కనిపిస్తాయి.

మీ ల్యాబుకి కొత్త పరికరం వచ్చినప్పుడు ఐక్యూ, ఓక్యూ, పీక్యూ (సరిగా అమర్చారా, సరిగా నడుస్తోందా, రోజువారీ పనిలో సరైన ఫలితం ఇస్తోందా అనే పరీక్షలు) చేస్తారు కదా, ఈసారి ఆ టీమ్‌తో కూర్చుంటానని మీ మేనేజర్‌ని అడుగు. జీతం పెంచకపోయినా దానికి కాదనరు. ఆ ఫైళ్ల మీద రెండు మూడుచోట్ల నీ సంతకం పడ్డాక రెజ్యూమేలో రాయడానికి అబద్ధం అవసరం ఉండదు, అప్పుడు కంపెనీ మారు. ఆ తర్వాత కూడా డిగ్రీ కావాలనిపిస్తే పని చేస్తూనే ఆన్‌లైన్‌లో చేయొచ్చు, ఆ ఖర్చు అప్పటి జీతం నుంచే వెళుతుంది.